జౌన్‌పూర్ షాహీ వంతెన: కాశీ యాత్రలో ఒక రోజు కేటాయించదగిన ఊరికి మార్గదర్శి

కాశీకి వెళ్లే తెలుగు కుటుంబాలలో చాలామంది అక్కడ తొమ్మిది రాత్రుల నిద్ర చేయాలన్న నియమంతో వెళ్తారు. మొదటి మూడు నాలుగు రోజులలో గంగాస్నానం, విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుల దర్శనాలు పూర్తయ్యాక ఒక రోజు సారనాథ్‌కు, మరొక రోజు ప్రయాగకు, ఓపిక ఉంటే గయకు వెళ్లి రావడం ఆనవాయితీ. ఆ వరుసలో జౌన్‌పూర్ పేరు దాదాపు ఎవరి నోటా వినిపించదు. కాశీకి వాయవ్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, గోమతీ నదికి రెండు వైపులా పెరిగిన ఈ ఊళ్లో అక్బరు కాలపు రాతి వంతెన ఉంది. దాన్ని ఎక్కడో దూరం నుంచి చూసి రావలసిన శిథిలంగా ఊహించుకోవద్దు. నాలుగు శతాబ్దాలకు పైగా ఆ ఊరి జనం దాని మీదుగానే నది దాటుతున్నారు. తెల్లవారగానే బయలుదేరితే రాత్రి నిద్రకు కాశీకి తిరిగి రావచ్చు కాబట్టి నియమానికీ భంగం రాదు.

ఆ ఒక్క రోజును ఎలా వాడుకోవాలో, ఏ కట్టడాన్ని ఏ వేళలో, ఏ వైపు నిలబడి చూడాలో వరుసగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసింది: ఊరి పేరులో ఉన్న ఓరుగల్లు కథ

తెలుగువారికి జౌన్‌పూర్ పరాయి ఊరు కాదని నేను గట్టిగా చెప్పడానికి కారణం దాని పేరే. 1359 ప్రాంతంలో ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ గోమతీ తీరాన ఈ పట్టణాన్ని కట్టించి, తన పెదతండ్రి కుమారుడైన జౌనా ఖాన్ పేరు పెట్టాడు. ఆ జౌనా ఖానే సింహాసనం ఎక్కాక మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. అంతకుముందు ఉలుగ్ ఖాన్ అన్న బిరుదుతో, యువరాజుగా, రెండు దండయాత్రలు నడిపి 1323లో ఓరుగల్లు కోటను పట్టుకున్నవాడు, ప్రతాపరుద్రుణ్ణి బందీని చేసి కాకతీయుల పాలనకు ముగింపు పలికినవాడు అతడే. మరొక విశేషం కూడా ఉంది. ఈ ఊరు వెలిసిన కాలంలో ఫిరోజ్ షా దగ్గర వజీరుగా ఉండి రాజ్యభారమంతా మోసిన మాలిక్ మక్బూల్ తెలుగు నేల నుంచి, కాకతీయుల కొలువు నుంచి ఢిల్లీకి చేరిన మనిషి. వంతెన మీద నిలబడినప్పుడు ఈ రెండు సంగతులూ గుర్తుంటే చూపు మారుతుంది.

మిగిలిన చరిత్రను క్లుప్తంగా గుర్తుంచుకుంటే చాలు. 1394లో తూర్పు ప్రాంతాల అధికారిగా వచ్చిన మాలిక్ సర్వర్‌కు ‘మాలిక్ ఉష్ షర్ఖ్’, అంటే తూర్పుకు అధిపతి, అన్న బిరుదు ఉండేది. అతని వారసులు షర్ఖీలన్న పేరుతో స్వతంత్ర సుల్తానులయ్యారు. ఇబ్రహీం షా (1402–1440) కాలంలో పండితులు, కవులు, కళాకారులు ఇక్కడికి చేరుకోగా ఊరికి ‘షిరాజ్ ఎ హింద్’, అంటే విద్యకు పేరుపడ్డ పర్షియా నగరం షిరాజ్‌కు హిందుస్తాన్‌లో సాటి, అన్న పేరు వచ్చింది. చివరి సుల్తాను హుసేన్ షా సంగీతజ్ఞుడు. జౌన్‌పురి రాగాన్ని అతనికే ఆపాదిస్తారు. మన కర్ణాటక కచేరీలలో చివరి భాగంలో వినిపించే జోన్‌పురి ఈ ఊరి పేరు మీదిదే. 1479లో బహలూల్ లోదీ షర్ఖీల రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. తరువాత సికందర్ లోదీ షర్ఖీల భవనాలను కూల్చివేయించాడు కాబట్టి ఇక్కడ రాజప్రాసాదాల కోసం వెతికి ప్రయోజనం లేదు. మిగిలినవి ప్రధానంగా మసీదులు, కోట, ఆ తరువాత మొఘలుల కాలంలో వచ్చిన వంతెన.

మొదటి అంచె: రోజును ఎంచుకోవడం

అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా అనుకూలమైన కాలం. అందులోనూ డిసెంబరు ఆఖరు, జనవరి నెలలలో గంగా మైదానమంతా దట్టమైన మంచు కమ్ముకొని రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, నది ఒడ్డున నిలబడినా వంతెన కనిపించని ఉదయాలు ఉంటాయి. కాబట్టి నవంబరు, ఫిబ్రవరి నెలలకే నా ఓటు. మే, జూన్ నెలలలో ఎండ రాతి ముంగిళ్లలో కాలు పెట్టనివ్వదు. చెప్పులు విడిచి నడవవలసిన చోట్లు ఎక్కువ కనుక ఈ ఇబ్బందిని తేలికగా తీసుకోవద్దు.

వారంలో శుక్రవారాన్ని వదిలేయండి. మీరు చూడబోయే మసీదులలో నేటికీ నమాజు జరుగుతుంది, ఆ రోజు మధ్యాహ్నం అవి ప్రార్థనకు వచ్చినవారితో నిండి ఉంటాయి. మిగిలిన రోజులలోనూ మధ్యాహ్నపు ప్రార్థన వేళకు ముందే మసీదులు చూసేయడం మర్యాద, సౌకర్యం కూడా.

రెండవ అంచె: చేరుకోవడం

వారణాసి నుంచి రైలు, బస్సు, అద్దె కారు మూడూ ఉన్నాయి. రైలులో వెళ్తే గంట, గంటన్నర ప్రయాణం. ఊళ్లో రెండు ప్రధాన స్టేషన్లు ఉన్నాయని టికెట్టు తీసుకునేటప్పుడే గమనించండి: ఒకటి జౌన్‌పూర్ జంక్షన్, దీన్ని స్థానికులు భండారీ స్టేషన్ అంటారు, రెండవది జౌన్‌పూర్ సిటీ. ఏ స్టేషన్‌లో దిగినా బయట బ్యాటరీతో నడిచే ఇ-రిక్షాలు, ఆటోలు దొరుకుతాయి. ‘షాహీ పుల్’ అంటే చాలు, ఎవరైనా తీసుకువెళ్తారు.

పెద్దవాళ్లు వెంట ఉంటే కారు మాట్లాడుకోవడమే మేలు. ఇంకొక ఉపాయం కూడా ఉంది. వారణాసి విమానాశ్రయం ఉన్న బాబత్‌పూర్ జౌన్‌పూర్ వెళ్లే దారిలోనే ఉంది. హైదరాబాదు నుంచి ఉదయపు విమానంలో దిగేవారు కాశీ వెళ్లి మళ్లీ వెనక్కి రావడం కంటే సామానుతో సహా నేరుగా జౌన్‌పూర్ చూసుకొని సాయంత్రానికి కాశీ చేరడం తెలివైన పని. ఇలా వస్తే కింద చెప్పిన ఉదయపు వరుస కొంత కుదించుకోవలసి వస్తుంది. అప్పుడు వంతెనను సాయంత్రానికి ఉంచుకొని, నేరుగా అటాలా మసీదుకు వెళ్లండి.

మూడవ అంచె: ఉదయం, వంతెన

చాలామంది కారులో వంతెన మీదుగా వెళ్లి, మధ్యలో ఒక ఫోటో తీసుకొని, చూశామనుకుంటారు. పైనుంచి చూస్తే ఇది రద్దీగా ఉన్న బజారు వీధిలా మాత్రమే కనిపిస్తుంది. వంతెనను నీటి మట్టం నుంచి, పక్క నుంచి చూడాలి. అందుకే ముందుగా ఒడ్డున ఉన్న ఘాట్ల వైపు దిగండి. వంతెన దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంది కనుక ఉదయం తూర్పు ముఖం మీద, సాయంత్రం పడమటి ముఖం మీద వెలుగు పడుతుంది. ఉదయం తూర్పు వైపు ఒడ్డున నిలబడండి. 2006లో దీనికి సమాంతరంగా కొత్త వంతెన ఒకటి వచ్చింది. పూర్తి పొడవు ఒక్క చూపులో కావాలనుకునేవారు దాని నడకదారి మీది నుంచి కూడా చూడవచ్చు.

ఇక చూడవలసిన వివరాలు. దీన్ని అక్బరు సేనాని, జౌన్‌పూర్ పాలనాధికారి మునీం ఖాన్ ఖానె ఖానాన్ కట్టించాడు. అఫ్జల్ అలీ కాబులీ అనే కాబూలు శిల్పి రూపకల్పన చేశాడని చెబుతారు. 1564లో మొదలై 1568లో ముగిసిందని ఎక్కువ పుస్తకాలు రాస్తాయి, 1569 తరువాతనే కట్టారని చెప్పేవీ ఉన్నాయి. ఎలా చూసినా ఇది మన హైదరాబాదు పురానాపూల్ (1578) కంటే కొద్ది సంవత్సరాలు పెద్దది. మూసీ మీది ఆ వంతెనను చూసినవారు ఇక్కడ ఆగి పోల్చుకోవడం చాలా బాగుంటుంది. రెండూ మొన తేలిన కమానుల వంతెనలే, రెండింటికీ కమానుల మధ్య దిమ్మలు లావుగా ఉంటాయి.

ఆ లావుకు కారణం ఉంది. రాతి కమాను తన బరువును కిందికే కాక పక్కలకు కూడా నెడుతుంది. ఒక్కొక్క కమానును కట్టుకుంటూ నదిలో ముందుకు సాగే మేస్త్రీలకు, పక్క కమాను ఇంకా లేవకముందే ఆ నెట్టుడును తట్టుకునే దిమ్మ కావాలి. అందువల్ల ఆనాటి వంతెనలలో నది వెడల్పులో చాలా భాగం రాతికే పోయేది, నీటికి మిగిలిన దారి ఇరుకయ్యేది. జౌన్‌పూర్ దిమ్మలను చూస్తున్నప్పుడు ఈ లెక్కను మనసులో పెట్టుకోండి. వరదనీరు ఎదురు నిలిచి కమానుల మీద ఎంత ఒత్తిడి పెట్టి ఉంటుందో అర్థమవుతుంది. గోమతి సాధువుగా కనిపించే నదే కానీ, దిగువన కైథీ దగ్గర గంగలో కలిసే చోట పేరుకున్న ఎత్తైన గట్ల వల్ల వర్షాకాలంలో నీరు త్వరగా పోక వెనక్కి పొంగుతుంది. 1774లో ఊరు బాగా దెబ్బతిన్నది. 1871 సెప్టెంబరు వరదలో పట్టణంలోనే 4,000 ఇళ్లు కొట్టుకుపోయాయి. కాశీ యాత్రికులు మార్కండేయ మహాదేవుని దర్శనానికి వెళ్లే ఊరు ఆ కైథీయే.

తరువాత వంతెన ఎక్కండి, కానీ నడిచి ఎక్కండి. ఇది ఒకటే వరుస కాదు, రెండు ముక్కలు: ప్రధాన పాయ మీద పది కమానులు, దక్షిణాన చిన్న పాయ మీద ఐదు. రెండింటి మధ్య దీవిలాంటి గట్టు ఉంది. దిమ్మల మీద, రెండు పక్కలా, పిట్టగోడ దాటి నది మీదికి చొచ్చుకొచ్చినట్టుగా స్తంభాల మంటపాలు కట్టారు. వీటిని ఛత్రీలనీ గుమ్‌టీలనీ అంటారు. చాలాకాలం వీటిలో చిన్న చిన్న దుకాణాలు సాగాయి. ఒక మంటపంలోకి అడుగు పెడితే వాహనాల రొద వెనక్కి తగ్గి, కింద నీరు కనిపిస్తుంది. నది దాటేవారు కాసేపు ఆగడానికి చోటు చూపించిన ఆ ఆలోచనే ఈ వంతెనను నేను చూసిన మిగిలిన పాత వంతెనల నుంచి వేరు చేస్తుంది.

రెండు ముక్కలూ కలిసే చోట పెద్ద రాతి సింహం ఉంటుంది, దాని కింద చిన్న ఏనుగు. దీన్ని తప్పకుండా దగ్గరగా చూడండి. మన గుడులలో మెట్ల పక్కనా, స్తంభాల మీదా ఏనుగును అణచిన సింహాన్ని చూసినవారికి ఇది వెంటనే పరిచయమైన రూపంలా తోస్తుంది. వంతెన కంటే ఇది చాలా పాతదని, వేరే కట్టడం నుంచి తెచ్చి ఇక్కడ నిలిపారని చెబుతారు.

కమానులన్నీ ఒకే వయసువి కావు. 1934 జనవరిలో వచ్చిన నేపాల్ బీహార్ భూకంపంలో వంతెన దెబ్బతిని, ఏడు కమానులను తిరిగి కట్టవలసి వచ్చింది. ఒడ్డు నుంచి చూస్తూ ఏవి పాతవో, ఏవి తరువాతివో రాళ్ల తీరును బట్టి పోల్చుకోవడానికి ప్రయత్నించండి. పిల్లలు వెంట ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, పెద్దల కంటే ముందే వాళ్లు కనిపెడతారు.

ఈ వంతెన పుట్టుక గురించి ఊరివాళ్లు చెప్పే కథను కూడా వినండి. అక్బరు ఇక్కడ పడవలో విహరిస్తుండగా, నది దాటలేక ఒడ్డున ఏడుస్తున్న ఒక పేద వితంతువును చూసి, తానే ఆమెను దాటించి, పేదలు నది దాటడానికి దారి లేనప్పుడు మసీదులు కట్టి ప్రయోజనమేమిటని మునీం ఖాన్‌ను మందలించాడట. ఇది జనశ్రుతి మాత్రమే.

నాలుగవ అంచె: మధ్యాహ్నంలోపు మసీదులు

కోట వంతెనకు ఉత్తరపు ఒడ్డున పక్కనే ఉంది కనుక సహజంగా అందరూ ముందు అందులోకే వెళ్తారు. అలా చేయవద్దని నా సలహా. మసీదులలో ప్రార్థన గోడ పడమటి వైపు ఉంటుంది, దాని ముందు లేచే బృహత్తర ముఖద్వారం తూర్పుకు తిరిగి ముంగిలిని చూస్తుంది. అంటే దాని మీద వెలుగు ఉదయమే పడుతుంది. మధ్యాహ్నం దాటాక అంతా నీడలోకి వెళ్లి, అందులోని చెక్కడం పనితనం సగం కనిపించకుండా పోతుంది. కాబట్టి కోటను మధ్యాహ్నానికి వాయిదా వేసి, ముందు అటాలా మసీదుకు నడవండి. కోట నుంచి అది కొద్ది నిమిషాల దూరమే.

అటాలా మసీదును 1408లో ఇబ్రహీం షా పూర్తి చేయించాడు. దీనికి పునాది అంతకు ముప్ఫై ఏళ్ల క్రితమే ఫిరోజ్ షా కాలంలో పడిందంటారు. ఇక్కడ అటలాదేవి గుడి ఉండేదన్నది స్థానిక సంప్రదాయం, కట్టడంలో పాత గుళ్ల స్తంభాలు కనిపిస్తాయి. ఇది న్యాయస్థానాల ముందున్న విషయం కూడా కాబట్టి లోపల వాదనలకు దిగకుండా, అక్కడి సూచనలను పాటిస్తూ, కట్టడాన్ని శ్రద్ధగా చూడటం మీద దృష్టి పెట్టండి.

ముంగిలి మధ్యలో నిలబడి పడమటికి చూస్తే ఎదురుగా సుమారు 75 అడుగుల ఎత్తున ముఖద్వారం లేస్తుంది. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, రెండు పక్కల ఏటవాలు బురుజులు, మధ్యలో లోతైన కమాను. వెనుక ఉన్న గుమ్మటాన్ని అది పూర్తిగా కప్పేస్తుంది. జౌన్‌పూర్ మసీదులకు మినార్లు లేవు, ఆ పనంతా ఈ ముఖద్వారమే చేస్తుంది. వరంగల్ కోటలో తుగ్లక్ పద్ధతి కట్టడంగా పరిగణించే ఖుష్ మహల్‌ను చూసినవారికి ఆ ఏటవాలు గోడలు ఎక్కడివో చెప్పనక్కర లేదు. ఒకే ఢిల్లీ పద్ధతి ఓరుగల్లులో ఒక మూల ఆగిపోయింది. ఇక్కడ అది కొత్త రూపం తీసుకొని ఒక శైలిగా ఎదిగింది.

మిగిలిన మూడు వైపులా ఉన్న రెండంతస్తుల వసారాలను కూడా చుట్టి రండి. వీధి వైపు తెరుచుకునే గదులు బాటసారులకు, వర్తకులకు బసగా ఉండేవి. చివరగా బయటికి వచ్చి పడమటి వెనుక గోడను చూడండి. ఎవరూ చూడరనుకునే ఆ గోడను కూడా శిల్పులు ముందుకు పొడుచుకొచ్చిన మూడు భాగాలతో, మూలల్లో సన్నబడే బురుజులతో ఎంతో నిదానంగా తీర్చారు.

అక్కడి నుంచి జామా మసీదుకు రిక్షాలో వెళ్లండి. దీన్ని బడీ మసీదు అంటారు. 1470 ప్రాంతంలో హుసేన్ షా కాలంలో పూర్తయింది. నేల నుంచి దాదాపు 20 అడుగుల ఎత్తు అరుగు మీద ఉండటం వల్ల నిటారు మెట్లు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవారు నెమ్మదిగా ఎక్కవలసిన చోటు ఇది. ఇక్కడ నేను ఎక్కువసేపు గడిపేది ముఖద్వారం ముందు కాదు, గుమ్మటానికి రెండు పక్కల ఉన్న పొడవాటి హాళ్లలో. ఒక్కొక్కటి సుమారు 50 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 45 అడుగుల ఎత్తు. లోపల ఒక్క స్తంభం లేదు, పైకప్పు మొత్తం సొరంగంలా వంపు తిరిగిన ఒకే గూనకప్పు. మన దేశపు కట్టడాలలో స్తంభాలు లేకుండా ఇంత చోటును రాతితో కప్పిన సందర్భాలు ఆ కాలంలో అరుదు. మసీదుకు ఉత్తరాన షర్ఖీ వంశీకుల సమాధులు ఉన్నాయి.

లాల్ దర్వాజా మసీదు ఈ మూడింటిలో చిన్నది, ఊరి అంచున ఉంది. సమయం ఉంటేనే వెళ్లండి. మహమూద్ షా రాణి బీబీ రాజీ 1447లో దీన్ని కట్టించింది. పక్కనే ఆమె భవనానికి ఉన్న ఎర్రరంగు ద్వారం వల్ల ఆ పేరు వచ్చింది. భవనం లేదు, పేరు మిగిలింది. స్త్రీల ప్రార్థన స్థలాన్ని అటాలాలో మూలలకు నెడితే, ఇక్కడ మధ్య మందిరానికి ఆనుకొని రెండు పక్కలా అమర్చారు. రాణి కట్టించిన మసీదు కావడం వల్లనే ఆ మార్పు వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

మూడు చోట్లా నిండైన దుస్తులు, తల మీద కప్పుకోవడానికి ఒక కండువా లేదా చున్నీ, చెప్పులు పెట్టుకోవడానికి ఒక సంచి అవసరం. లోపల ఎవరైనా ప్రార్థిస్తుంటే వారి ముందు నుంచి నడవకండి. ఫోటోలు తీసే ముందు అడగండి.

ఐదవ అంచె: భోజనం, ఇమర్తీ

భోజనానికి ఓలంద్‌గంజ్ బజారు వైపు వెళ్లండి. జౌన్‌పూర్ ఇమర్తీ ఆ ప్రాంతమంతటా పేరు పొందినది. మన జాంగ్రీకి ఇది దగ్గరి చుట్టం: మినప్పిండి రుబ్బి, నేతిలో పూల చుట్లుగా వేయించి, పాకంలో వేస్తారు. అయితే పాకానికి దేశవాళీ ఖండ చక్కెర వాడటం వల్ల రంగు ముదురుగా, తీపి తగ్గి, ముక్క మెత్తగా ఉంటుంది. వేడిగా ఒకటి తిని, చల్లారినవి కట్టించుకోండి. శీతాకాలంలో వెళ్తే కూరగాయల బజారులో జౌన్‌పూర్ ముల్లంగిని కూడా చూడండి, మనిషి చేయి కంటే పొడవైన దుంపలు కనిపిస్తాయి.

ఆరవ అంచె: మధ్యాహ్నం కోట, సాయంత్రం మళ్లీ వంతెన

కోట పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది, చిన్న మొత్తం టికెట్టు తీసుకోవాలి. బయటి ద్వారం మునీం ఖాన్ కాలంలో చేర్చినది. లోపలి ద్వారపు కమాను పక్కల నీలం, పసుపు పలకల అలంకారం ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి, తల ఎత్తి చూస్తేనే కనిపిస్తాయి. లోపల రెండు కట్టడాలు ముఖ్యం. ఒకటి 1376 నాటి మసీదు, మూడు పొట్టి గుమ్మటాలతో బెంగాల్ కట్టడాలను గుర్తుకు తెస్తుంది. రెండవది హమ్మామ్, అంటే స్నానశాల. జనం దీన్ని ‘భూల్ భులయ్యా’ అంటారు. సగం నేలలోకి దిగిన గదులు, వేడినీరు, చల్లనీరు, ఆవిరి పోవడానికి వేరువేరు దారులు ఉంటాయి కనుక తొందరపడకుండా, నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోయేదో వెతుకుతూ తిరగండి. చీకటిగా ఉండే చోట్ల ఫోను దీపం వాడండి.

తరువాత నది వైపు ప్రాకారానికి చేరుకోండి. ఉదయం నీటి మట్టం నుంచి చూసిన వంతెన ఇప్పుడు పైనుంచి, ఊరి మధ్యలో, దాని స్థానంలో కనిపిస్తుంది. ఈ దృశ్యం కోసమే కోటను చివరకు ఉంచమన్నాను.

కోట దిగాక సూర్యాస్తమయానికి అరగంట మిగిలేలా చూసుకొని, ఈసారి వంతెనకు పడమటి వైపు ఒడ్డుకు వెళ్లండి. ఉదయం నీడలో ఉన్న ముఖం మీద ఇప్పుడు వెలుగు ఉంటుంది. మరొక రోజు దొరికినవారు సిపాహ్ పేటలో మిగిలిన ఝంఝరీ మసీదు జాలీ గోడను, ఊరి దగ్గరి శీతలా చౌకియా గుడిని, జమదగ్ని ఆశ్రమమని చెప్పుకునే జమైథాను చూడవచ్చు. ఒక్క రోజే ఉన్నవారు వాటి కోసం ఈ అరగంటను వదులుకోవద్దు. వెలుతురు తగ్గాక వంతెన మీదుగా ఒక్కసారి నడిచి, సగం దారిలో ఏదో ఒక ఛత్రీలో ఆగి, తిరుగు రైలు వేళ చూసుకొని స్టేషన్‌కు బయలుదేరండి. ఆఖరి రైలు మీద మాత్రం ఆధారపడకండి, దానికి ముందుదానికే టికెట్టు తీసుకోండి.